తలుపు మీదున్న నంబర్

జనవరిలో ఒక శనివారం పొద్దున్నే అన్న దగ్గర్నుంచి వాట్సాప్ మెసేజ్. తెరిస్తే ఒక యాడ్ స్క్రీన్‌షాట్. ఫోర్డ్ ఎఫ్-450 ట్రక్, వెనక ఇల్లంత ట్రెయిలర్, పక్కన పెద్ద అంకెల్లో 40,000 పౌండ్లు. కింద అన్న ప్రశ్న: "తమ్మీ, గిది సాల్తదా?"

"అన్నా, మీ అపార్ట్‌మెంట్‌ని కూడా లాక్కుపోతుంది" అని రిప్లై కొట్టి మళ్లీ పడుకున్నా. ఆ రిప్లై ఎంత బాధ్యత లేనిదో అర్థం కావడానికి నాకు నెల పట్టింది. ఈ వారం కాలమ్ దాని గురించే.

అన్నంటే సొంత అన్న కాదు. నేను డాలస్‌లో దిగిన రోజు ఎయిర్‌పోర్టుకొచ్చి, మూడు వారాలు తన ఇంట్లో పెట్టుకున్న వరంగల్ అన్న. వదినది గుంటూరు. ఆవిడ పెసరట్టు తిన్నవాడెవడూ ఇంకో ఇంట్లో పెసరట్టుని మెచ్చుకోడు. కొన్నేళ్లుగా వీకెండ్స్‌లో ఆర్డర్ల మీద టిఫిన్లు చేస్తోంది. పోయినేడాది అన్న ఉద్యోగం లేఆఫ్‌లో పోయింది. గ్రీన్‌కార్డ్ అప్పటికే చేతిలో ఉండబట్టి సరిపోయింది. ఇద్దరూ కూర్చుని లెక్కలేసుకుని, దాచుకున్న డబ్బుతో ఒక టిఫిన్ ట్రెయిలర్‌కి ఆర్డరిచ్చారు. పెనం, ఫ్రయ్యర్, సింకులు, నీళ్ల ట్యాంకులు అన్నీ లోపలే. ఇక దాన్ని లాగే బండి కావాలి. తమాషా ఏంటంటే ట్రెయిలర్ కన్నా బండే ఖరీదు. తప్పు బండి కొంటే మార్చుకునే స్తోమత లేదు. "నువ్వు ఇంజినీర్‌వి కదా, నువ్వే చూడు" అన్నాడు అన్న.

నేను కంప్యూటర్ సైన్స్ ఇంజినీర్‌ని. ట్రక్కుల గురించి నాకు తెలిసింది సున్నా. అయినా ఎక్సెల్ తెరిచా. మనకి వచ్చిన విద్య అదే కదా.

ముందు ఈ బండ్ల సంగతి చెప్తా. మన దగ్గర పికప్ అంటే బొలెరో పికప్పో, కాస్త స్టైల్ కావాలంటే హైలక్సో. అమెరికాలో హెవీ డ్యూటీ పికప్ వేరే జాతి. ఫోర్డ్‌లో సూపర్ డ్యూటీ, అంటే ఎఫ్-250, ఎఫ్-350, ఎఫ్-450. రామ్‌లో 2500, 3500. జనరల్ మోటార్స్‌లో షెవర్లే సిల్వరాడో 2500, 3500 హెచ్‌డీ, వాటికే ఖరీదైన బట్టలేస్తే జీఎంసీ సియెర్రా. నాలుగు తలుపుల మోడల్ పొడవు 20 అడుగుల పైనే. మా అపార్ట్‌మెంట్ పార్కింగ్ గీతల్లో పెడితే ముక్కు రోడ్డు మీదకొస్తుంది.

నా ఎక్సెల్‌లో మొదటి కాలమ్ టార్క్. ఫోర్డ్ 6.7 లీటర్ హై అవుట్‌పుట్ డీజిల్ 500 హార్స్‌పవర్, 1,200 పౌండ్-ఫీట్ టార్క్. సిల్వరాడోలో 6.6 లీటర్ డ్యూరామాక్స్ డీజిల్ 470 హార్స్‌పవర్, 975 టార్క్. 2025 రామ్‌లో 6.7 లీటర్ కమిన్స్ 430 హార్స్‌పవర్, 1,075 టార్క్. మిగతా రెండూ వీ8లు, కమిన్స్ మాత్రం లారీ ఇంజన్‌లా ఆరు సిలిండర్లు వరసగా. రెండో కాలమ్ గరిష్ఠంగా లాగే బరువు. ఫోర్డ్ 40,000 పౌండ్లు, అంటే 18 టన్నుల పైమాట. మిగతా ఇద్దరూ 36 వేల దగ్గర్లో. తర్వాత స్క్రీన్ సైజు, కెమెరాలు, సీట్లు. అన్నిటికీ మార్కులేసి కూడితే డీజిల్ ఎఫ్-250, అదీ లెదర్ సీట్ల మోడల్, ఫస్ట్ వచ్చింది. "ఇదే కొను అన్నా" అని చెప్పేశా.

ఇక్కడ ఆగి, ఆ 36 వేలు, 40 వేలు అనే అంకెలు ఎలా వస్తాయో చెప్పాలి. ఒకప్పుడు ఏ కంపెనీ ఇష్టం దానిది, నోటికొచ్చిన నంబర్ వేసుకునేవాళ్లు. తర్వాత ఎస్ఏఈ జే2807 అనే ఉమ్మడి పరీక్ష వచ్చింది. అందులో ఒక భాగం నాకు బాగా నచ్చింది. అరిజోనా ఎడారిలో డేవిస్ డ్యామ్ దగ్గర మొదలయ్యే ఒక ఘాట్ రోడ్డుంది. సుమారు 11 మైళ్లు ఎక్కుడే ఎక్కుడు. 100 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండలో, ఏసీ ఫుల్లుగా పెట్టి, ట్రెయిలర్‌ని లాక్కుంటూ ఆ ఎత్తు ఎక్కాలి. వేగం గంటకి 40 మైళ్ల కన్నా తగ్గకూడదు. వెనక నాలుగు టైర్లుండే బండికి 35 దాకా మినహాయింపు. ఇంజన్ వేడెక్కి చేతులెత్తేయకూడదు. చాలా గట్టి పరీక్షే.

కానీ ఆ పరీక్షలో బండి లోపల ఎవరున్నారో చూడండి. ఇద్దరు మనుషులు, తలా 150 పౌండ్లు. వెనక తొట్టిలో దాదాపు ఏమీ ఉండదు. మామూలు ట్రెయిలర్ అయితే దాని ముందు భాగం బండి మీద మోపే బరువు మొత్తంలో పదో వంతు అని లెక్క. మనం ల్యాప్‌టాప్ బెంచ్‌మార్క్ చూసి కొంటాం, ఇంటికొచ్చి ముప్పై ట్యాబ్‌లు తెరుస్తాం. సరిగ్గా అదే కథ. పైగా ఆ 40,000 అనేది గూస్‌నెక్ ట్రెయిలర్‌కి, అంటే తొట్టి మధ్యలో, వెనక ఇరుసు మీద తగిలించేదానికి. వదిన ట్రెయిలర్ బంపర్ కింద బాల్‌కి తగిలించే రకం. ఆ పెద్ద అంకెకీ మా అవసరానికీ చుట్టరికమే లేదు.

ఇవేవీ తెలియకుండానే ఫిబ్రవరిలో ముగ్గురం బండి చూడ్డానికెళ్లాం. సేల్స్‌మ్యాన్ మంచివాడే. టార్క్ గురించి చెప్తూ పోతున్నాడు, నేను అన్నీ తెలిసినవాడిలా తలాడిస్తున్నా. వదిన మాత్రం డ్రైవర్ తలుపు తెరిచి, ఎక్కడానికి ముందు తలుపు పక్కన స్తంభం మీద అతికించిన స్టిక్కర్ చదువుతోంది. పచ్చళ్ల సీసా కొన్నా లేబుల్ మొత్తం చదివే మనిషి.

"ఇదేంటబ్బాయ్, మనుషులూ సామానూ కలిపి ఇంత దాటకూడదని రాసుందే?"

2,140 పౌండ్లు. నా ఎక్సెల్‌లో పేలోడ్ కాలమ్‌లో 8,000 అని ఉంది. అది బ్రోషర్లో చూసి వేసిన గరిష్ఠం. అంత మోసేది వెనక నాలుగు టైర్ల బండి, అదీ తగ్గ పరికరాలతో. మా ముందున్న బండి అది కాదు. స్టిక్కర్ మీద నంబర్ ఏ బండికి ఆ బండికి వేరు. సన్‌రూఫ్ ఉంటే తగ్గుతుంది, లెదర్ సీట్లు, కరెంటు మెట్లు ఉంటే తగ్గుతుంది. అన్నిటికన్నా డీజిల్ ఇంజన్ ఉంటే తగ్గుతుంది. అది పెట్రోల్ ఇంజన్ కన్నా కొన్ని వందల పౌండ్లు ఎక్కువ బరువు మరి. నేను ఏరికోరి మార్కులేసిన ప్రతి హంగూ ఆ నంబర్‌ని కొరుక్కు తింది.

సేల్స్‌మ్యాన్ "ఇది 20 వేలు లాగుతుంది మేడమ్" అన్నాడు. అబద్ధం కాదు. లాగడం వేరు, మోయడం వేరు. అంతే తేడా.

ఆ రాత్రి వాళ్ల డైనింగ్ టేబుల్ మీద మళ్లీ లెక్క. ఈసారి వదిన చెప్తుంటే నేను రాశా. ట్రెయిలర్ నీళ్లు, గ్యాస్ నింపాక 9,000 పౌండ్ల దగ్గర. అందులో బాల్ మీద పడే బరువు 10 నుంచి 15 శాతం ఉండాలి. 13 వేసుకుంటే 1,170. మనుషులు అన్న, వదిన, ఒక హెల్పర్, 485. హిచ్ సామాను 100. తొట్టిలో జనరేటర్ 210. పిండి డ్రమ్ములు, ఐస్ బాక్సులు 320. మడత టేబుళ్లు, పనిముట్లు 110. మొత్తం 2,395. ఆ బండి మోసేది 2,140. నేను గొప్పగా కొనమన్న బండి మొదటి రోజే 255 పౌండ్లు ఓవర్‌లోడ్. టైర్లూ వెనక ఇరుసూ ఆ రోజే విరిగిపోవు. కానీ ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు, లాయర్లు ముందు చూసేది ఆ స్టిక్కరే.

ఆ బాల్ మీద పడే బరువుని తగ్గించుకుంటే సరిపోతుంది కదా, సామాను ట్రెయిలర్ వెనక్కి జరిపితే? అని నేనడిగా. అన్న నా వైపు జాలిగా చూశాడు. "ఎడ్లబండి ఎన్నడన్న సూసినవా తమ్మీ? బస్తాలు ఎన్కకు ఎక్కిస్తే బండి ఎన్కకు లేస్తది. కాడి పైకి లేసి ఎడ్లకు ఉరి పడ్తది." రెండు చక్రాల ఇరుసు మీద నిలబడే ఏ బండికైనా అదే సూత్రం. ముందు మరీ బరువైతే ఎడ్ల మెడలు నలుగుతాయి. ఇక్కడ ట్రక్ వెనక కుంగి, ముందు టైర్లు తేలికై స్టీరింగ్ మాట వినదు. వెనక బరువైతే హైవే మీద ట్రెయిలర్ తోక ఊపడం మొదలెడుతుంది. పక్కనుంచి పద్దెనిమిది చక్రాల లారీ దూసుకుపోతే చాలు, టెక్సస్ గాలి తోడైతే మరీనూ. ఆ ఊపు పెరిగితే బండినే తిప్పేస్తుంది. అప్పుడు చేయాల్సింది బ్రేక్ తొక్కడం కాదు. యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగ్ నిటారుగా పట్టుకుని, డాష్‌బోర్డ్ మీద ట్రెయిలర్ బ్రేకుల మీట ఒక్కటే చేత్తో నొక్కాలి. వెనక్కి గుంజినట్టై ట్రెయిలర్ సర్దుకుంటుంది. ఈ మీట ఎక్కడుందో తెలియకుండా బండి కదిలించొద్దు.

తర్వాత రెండు వారాలు నా పని పార్కింగ్ లాట్లలో తిరిగి తలుపులు తెరిచి స్టిక్కర్లు ఫోటోలు తీయడం. ఎఫ్-250లోనూ రామ్ 2500లోనూ చాలావాటికి బండీ లోడూ కలిపిన మొత్తం బరువు 10,000 పౌండ్ల దగ్గర ఆపేస్తారు. ఆ గీత దాటితే ప్రభుత్వ లెక్కల్లో బండి పై తరగతిలోకి పోతుంది, కొన్ని రాష్ట్రాల్లో ఫీజులూ నిబంధనలూ మారతాయి. అందుకే లోపల బరువైన ఇంజన్ పెట్టేకొద్దీ మీకు మిగిలేది తగ్గుతుంది. నేను చూసిన ఒక కమిన్స్ రామ్ 2500, అన్ని హంగులతో, 2,000 కూడా దాటలేదు. సిల్వరాడో 2500 హెచ్‌డీలో ఆ మొత్తం 11,000 దాకా, ఆ పైనా ఉంటుంది కాబట్టి డీజిల్‌తో కూడా 3,000 దాటిన స్టిక్కర్లు దొరికాయి. పెట్రోల్ ఎఫ్-350, వెనక రెండే టైర్లది, 3,900 చూపించింది. చూడ్డానికి ఎఫ్-250, ఎఫ్-350 కవలల్లా ఉంటాయి. తేడా అంతా ఆ స్టిక్కర్లో ఉంది.

డీజిల్ సంగతి తేల్చేస్తా. కొండలు దిగేవాళ్లకి డీజిల్ ఎగ్జాస్ట్ బ్రేక్ వరం. 15 వేల పౌండ్ల క్యాంపింగ్ ట్రెయిలర్‌తో కొలరాడో తిరిగేవాళ్లు కళ్లు మూసుకుని డీజిల్ కొనొచ్చు. వదిన ట్రిప్ ఇంటి నుంచి గ్రౌండ్‌కి ఇరవై మైళ్లు, అదీ చదును రోడ్డు. డీజిల్ పొగ శుద్ధి చేసే ఫిల్టర్‌కి పొట్టి ట్రిప్పులు పడవు. అది వేడెక్కి మసి కాల్చుకోవాలంటే హైవే మీద పొడుగ్గా నడవాలి. పైగా ఆ ఇంజన్ కోసం దాదాపు పదివేల డాలర్లు ఎక్కువ. పదివేల డాలర్లకి ఎన్ని పెసరట్లో వదిన నోటి లెక్కన చెప్పింది, అన్న మాట్లాడలేదు. పొగ అన్నాను కాబట్టి ఒక పక్క మాట. కమిన్స్ మీద అమెరికా ప్రభుత్వం కేసు వేస్తే, 2013 నుంచి 2019 దాకా వచ్చిన లక్షల రామ్ ట్రక్కుల్లో పొగ పరీక్షని ఏమార్చే సాఫ్ట్‌వేర్ పెట్టారన్న ఆరోపణ మీద, కంపెనీ 160 కోట్ల డాలర్ల పైచిలుకు జరిమానాకి ఒప్పుకుంది. ఎక్కడో మా వృత్తివాడే కూర్చుని ఆ ఇఫ్-ఎల్స్ రాసుంటాడు.

మైలేజీ ఎంత అని అడక్కండి. 8,500 పౌండ్ల మొత్తం బరువు దాటిన పికప్పులకి కిటికీ మీద మైలేజీ లేబుల్ పెట్టాల్సిన పనే లేదు. చిన్న కార్లకి గాలన్‌కి ఎన్ని మైళ్లో పెద్ద అక్షరాల్లో రాస్తారు, అసలు తాగుబోతు బండ్లకి మాత్రం రాయరు.

సుఖం విషయానికొస్తే, ఖాళీగా నడిపినప్పుడు రామ్ 2500 ముందు మిగతావి దిగదుడుపే. వెనక కమ్మీ పట్టీలకి బదులు కాయిల్ స్ప్రింగులు వాడింది అదొక్కటే. ఫోర్డ్, జీఎం వెనక మన లారీల్లాగే పట్టీలు. ఖాళీ ఎఫ్-350లో రైల్వే గేటు దాటితే కొత్తగూడెం రోడ్డు గుర్తొచ్చింది. లోడ్ ఎక్కాక ఆ పట్టీలే నిలబెడతాయి, అది వేరే సంగతి. జీఎంలో ముందు చక్రాలు దేనికది విడిగా ఆడతాయి కాబట్టి స్టీరింగ్ కారులా హాయిగా ఉంటుంది. రామ్ లోపలి అలంకారం, కొత్తదాంట్లో 14.5 అంగుళాల స్క్రీన్, చూస్తే ఇంట్లో కూర్చున్నట్టే ఉంటుంది. నాకు వోటుంటే రామ్‌కే వేసేవాణ్ని. నాకు వోటు లేదు.

వోటు వదినది. అన్నకి రివర్స్ రాదు, ఒప్పుకోడు కూడా. ట్రెయిలర్‌ని వెనక్కి నెట్టడం అంటే అన్నీ ఉల్టా. కుడికి పోవాలంటే స్టీరింగ్ ఎడమకి తిప్పాలి, కొంచెం ఎక్కువైతే ట్రెయిలర్ మడతపడి బండిని గుద్దుతుంది. టెక్నాలజీ నిజంగా పనికొచ్చింది ఇక్కడే. జీఎంలో ట్రెయిలర్ వెనక ఒక కెమెరా పెట్టుకుంటే, స్క్రీన్ మీద ట్రెయిలర్ గాజులా మాయమై వెనక రోడ్డు కనిపిస్తుంది. మాయాబజార్ అనుకోండి. ఫోర్డ్‌లో ఒక గుండ్రటి మీట. ట్రెయిలర్ ఎటు పోవాలో ఆ మీటని అటు తిప్పితే చాలు, స్టీరింగ్ దానంతట అదే తిరుగుతుంది, మీరు పెడల్స్ చూసుకుంటే సరి. ట్రెయిలర్ బాల్‌కి తగిలించడానికి బండే వెనక్కి వెళ్లి సరిగ్గా ఆగే సదుపాయం కూడా ఉంది. తొట్టిలో ఎంత బరువు పడిందో, బాల్ మీద ఎంత పడుతుందో అంచనాగా చూపించే తూకం కూడా పెట్టించుకోవచ్చు. నాకైతే ఇన్ని ఫీచర్లలో ఆ చివరిదే అసలైంది. యాడ్‌లో దాని గురించి ఒక్క ముక్క కనిపించలేదు.

డీలర్ దగ్గర ఒక పాత ట్రెయిలర్ తగిలించి వదినకి ఇచ్చారు. మొదటిసారి కోన్ గుద్దింది. రెండోసారి మీట తిప్పుతూ, రెండు కోన్ల మధ్యలోకి నిటారుగా తెచ్చి ఆపింది. దిగి, "స్టవ్ నాబ్ లాగే ఉందండీ" అంది అన్నతో. సీటు ఎక్కడానికి పట్టుకునే పిడి, కాలు పెట్టే మెట్టు బాగున్నాయా అని రెండుసార్లు ఎక్కి దిగి చూసింది. లెదర్ వద్దంది, నూనె చేతుల్తో తుడవడానికి రెక్సిన్ నయమట. రెండేళ్లు వాడిన పెట్రోల్ ఎఫ్-350, తెల్ల రంగు, ఆ మీట ఉన్నది వెతికి పట్టుకోవడానికి ఇంకో మూడు వారాలు పట్టింది.

మార్చి చివర్లో ట్రెయిలర్ వచ్చాక, మొదటి బేరానికి ముందు రోజు, అన్నీ నింపుకుని హైవే పక్కన లారీలు ఆగే ట్రక్ స్టాప్‌కి వెళ్లాం. అక్కడ క్యాట్ స్కేల్ అని తూకం ఉంటుంది. మన ఊళ్లలో వే బ్రిడ్జి లాంటిదే, కానీ ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రెయిలర్ ఇరుసులు విడివిడిగా తూచి చీటీ ఇస్తారు. పది, పదిహేను డాలర్ల ఖర్చు. ట్రెయిలర్‌తో ఒకసారి, విప్పేసి ఒకసారి తూచాం. ముందూ వెనకా లారీలు, మధ్యలో మేము, వెనక ట్రెయిలర్ మీద పెసరట్టు బొమ్మ. ఒక సర్దార్జీ డ్రైవర్ కిటికీలోంచి "ఎప్పుడు ఓపెన్?" అని హిందీలో అడిగాడు.

చీటీ పట్టుకుని ముగ్గురం బానెట్ మీద లెక్కేశాం. వెనక ఇరుసు హద్దులో ఉంది. మొత్తం హద్దులో ఉంది. బాల్ మీద పడుతున్న బరువు మాత్రం తొమ్మిది శాతం. అంటే వెనక బరువెక్కువ. నీళ్ల ట్యాంకు నిండుగా ఉంది, అది ట్రెయిలర్ వెనక మూలలో ఉంది, దాన్ని మనం కదపలేం.

"పిండి డ్రమ్ములు రెండు ట్రెయిలర్లోనే ఎన్కకు పెట్టినవ్ గదా, ముందటికి జరుపు" అన్నాడు అన్న.

"జనరేటర్ కూడా ముందుకి రావాలండీ" అని వదిన అప్పటికే ట్రెయిలర్ తలుపు తీసింది. డ్రమ్ములు మోసింది మాత్రం నేనే. ఇంకో తూకానికి లైన్లో మళ్లీ నిలబడ్డాం.